దీపము వెలుగనప్పుడు

మన యిండ్లలో విద్యుత్తును గూర్చి పసివారు నేర్చుకొను మొదటి పాఠము, పెక్కు యిండ్లలో కడపటి పాఠము కూడ, "ముట్టుకోకు" అను ఒక్క మాటయే. గోడమీది ప్లగ్గులో నున్నది 230 వోల్టుల శక్తి. మనుష్యుని ప్రాణము తీయుటకు అది చాలును. కావున ఆ నిషేధము న్యాయమైనదే, దానిని సడలింపుడని ఈ యధ్యాయము చెప్పబోదు. అయినను నిషేధ మొక్కటియే బిడ్డకు దక్కినచో భయము మిగులునుగాని వివేకము కలుగదు. ఎందుకు ముట్టరాదో, తడిచేతితో ముట్టుట మరింత ప్రమాద మేలనో, మరమ్మతునకు వచ్చిన ఎలక్ట్రీషియను కాలిక్రింద ఎండిన చెక్కపీట యేల వేసికొనునో తెలియని పిల్లవాడు పెద్దల కన్ను మరలినంతనే ఆ మాటను మరచును. తెలిసినవాడు ఎవ్వరును చూడనప్పుడు సైతము జాగ్రత్తగా నుండును.

ఆ తెలివిని ప్లగ్గు జోలికి పోకయే, మూడు పెన్సిల్ సెల్లులతోను, ఒక చిన్న ఎర్రని ఎల్‌.ఇ.డి. దీపముతోను, వంటింటి వస్తువులతోను సంపాదింపవచ్చును. ఏ వస్తువు విద్యుత్తును తనగుండ పోనిచ్చును, ఏది పోనీయదు అనునదియే ప్రశ్న. వ్యక్తిత్వ వికాసమును గూర్చిన గ్రంథమున దీనికి చోటిచ్చుటకు కారణము కలదు. బడిలో పిల్లలనడుగు ప్రశ్నలలో పెక్కింటికి సమాధానము ముందే యెవరికో తెలిసియుండును: ఉపాధ్యాయునకో, పుస్తకము చివరి పుటకో. ఈ పరీక్షలో సమాధానము వస్తువువద్ద నున్నది. తండ్రి పొరపాటు చెప్పినను, తాత పొరపాటు చెప్పినను, దీపము వారి పెద్దరికమును మన్నించి వెలుగదు. అంతకంటె ముఖ్యమైనది మరొకటి కలదు. దీపము వెలిగినప్పుడు దాని యర్థము తేటతెల్లము. వెలుగనప్పుడు దాని యర్థమేమో నిర్ణయించుట కష్టము. ఆ కష్టమును తొందరపడక ఓపికతో విప్పుకొను నలవాటు ఎనిమిది, పది యేండ్ల ప్రాయముననే పడవలెనని నా కోరిక. ఈ యధ్యాయమంతయు దానికొరకే.

మొదట జాగ్రత్తలు. ప్రయోగములన్నియు పెన్సిల్ సెల్లులతోనే జరుగవలెను. గోడమీది కరెంటును, ఇన్వర్టరును, ఫోను చార్జరును, పవర్ బ్యాంకును, పాత ఫోనులనుండి ఊడదీసిన లిథియము బ్యాటరీలను ఎట్టి పరిస్థితిలోను వాడరాదు. లిథియము బ్యాటరీ రెండు కొసలు కలిసినచో అది మండగలదు. గడియారములలోను ఆటబొమ్మలలోను ఉండు బిళ్లబ్యాటరీలు చిన్నపిల్లలున్న యింట ఈ పనికి పనికిరావు. వానిని మ్రింగినచో రెండు గంటలలోపలనే అన్నవాహికను కాల్చివేయు ప్రమాదము కలదు; అట్లు జరిగినట్లు అనుమానము కలిగినను వాంతి చేయింపబూనక తక్షణమే ఆసుపత్రికి పరుగెత్తవలెను. పెన్సిల్ సెల్లుల రెండు కొసలను సైతము తీగతో నేరుగా కలుపరాదు; నిమిషములో తీగ చురుక్కుమనునంత వేడెక్కును. ఇంతవరకు బిడ్డతో స్పష్టముగా చెప్పి, ఎందుకో కూడ చెప్పి, తరువాత పనిముట్లు ముందుంచవలెను.

పనిముట్లు కొద్ది. హైదరాబాదున కోఠీలోని గుజరాతీ గల్లీలోగాని, మీ యూరి టీవీ మరమ్మతు దుకాణములోగాని, ఒక ఎర్ర ఎల్‌.ఇ.డి., 220 ఓముల రెసిస్టరు, మూడు పెన్సిల్ సెల్లులు పట్టు హోల్డరు, కొంచెము సన్నని వైరు, ఇన్సులేషన్ టేపు అని యడిగినచో అతి స్వల్పమైన వెలకు లభించును. రెసిస్టరుమీద ఎరుపు, ఎరుపు, గోధుమరంగు పట్టీలు వరుసగా నుండును. ఆ రంగులు చదువుట పిల్లలకు రహస్యలిపి చదివినంత సంబరము. ఒక్కొక్క సెల్లు ఒకటిన్నర వోల్టు. మూడును వరుసగా కలసి నాలుగున్నర. ఎర్ర ఎల్‌.ఇ.డి. వెలుగుటకు సుమారు రెండు వోల్టులు వలయును. మిగిలిన శక్తి దానిని మాడ్చివేయకుండ అడ్డుకొనుట రెసిస్టరు పని. ఎల్‌.ఇ.డి.కి రెండు కాళ్లు కలవు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. హోల్డరునుండి వచ్చు ఎర్ర వైరును రెసిస్టరునకు, రెసిస్టరు రెండవ కొసను ఎల్‌.ఇ.డి. పొడుగుకాలికి మెలిపెట్టి టేపు చుట్టవలెను. పొట్టికాలికి ఒక మూరెడు వైరు, హోల్డరుయొక్క నల్ల వైరునకు మరొక మూరెడు వైరు కలిపి, ఆ రెండింటి చివరలను అంగుళము మేర ప్లాస్టికు తొడుగు ఒలిచి రాగి బయటపడునట్లు వదలివేయవలెను. ఈ రెండు రాగి మొనలే మన పరీక్షకొసలు. రెండింటిని ఒకదానికొకటి తాకించినచో దీపము వెలుగవలెను. వాని నడుమ ఏ వస్తువునుంచినను, అది విద్యుత్తును పోనిచ్చినచో వెలుగును.

ఈ తాకింపు కేవలము ఆరంభోత్సవము కాదు; ప్రతి పరీక్షకు ముందొకసారి, దీపము వెలుగని ప్రతి పరీక్షకు పిమ్మట మరొకసారి, రెండు కొసలను కలిపి చూడవలెను. వెలుగలేదనగా వస్తువు దోషము కావచ్చును, లేదా మెలిపెట్టిన తీగ వదులైయుండవచ్చును; దీపము వెలుగకపోవుటకు ఇది మొదటి యర్థము. సాక్షి బ్రతికియున్నాడో లేడో చూడక సాక్ష్యమును నమ్మరాదు. పిల్లలు మొదటి దినమున ఈ నియమమునకు విసుగుకొందురు. ఒక్కసారి వదులైన తీగ వలన ఇనుపమేకు విద్యుత్తును పోనీయదని పుస్తకములో వ్రాసికొన్న తరువాత వారే దానిని పాటింతురు.

పుస్తకము తప్పనిసరి. బడి నోటుపుస్తకములో మిగిలిన ఖాళీపుటలు చాలును. వస్తువు పేరు, నా యూహ, దీపము చెప్పినది, అని మూడు వరుసలు గీయించవలెను; ఊహ వ్రాయక ఏ వస్తువును తాకింపనీయరాదు. ఊహ వ్రాసిన బిడ్డకు ఫలితము తనదగును; వ్రాయని బిడ్డ, ఏది జరిగినను, నాకు ముందే తెలుసునని తన్ను తాను మభ్యపెట్టుకొనును. ఇక్కడ తల్లిదండ్రుల కొక కఠినమైన నియమము: ఆ సమయమున మీరు పెదవి విప్పరాదు. "రాగి కదా, వెలుగుతుందిలే" అను మాట ప్రేమతో వచ్చినదే యైనను బిడ్డ చేతిలోని ప్రశ్నను లాగికొనుటయే యగును. అడిగినచో "నీకేమనిపిస్తోంది?" అని తిరిగి అడుగుడు, పొరపాటూహకు నవ్వకుడు, ఒప్పూహకు చప్పట్లు కొట్టకుడు. ఊహ సరియగుటకంటె, సరికానప్పుడు దానిని రబ్బరుతో చెరిపివేయకుండ అట్లే ఉంచుట గొప్ప గుణము.

మొదటి గంట సులభముగా గడచును. స్టీలు గరిటె, ఇత్తడి గంట, రాగి చెంబు, ఇనుప అట్లకాడ, రూపాయి బిళ్ల, వెండి పట్టీలు, అన్నియు వెలిగించును. చెక్క తెడ్డు, ప్లాస్టికు మూత, గాజుసీసా, కొబ్బరిచిప్ప, అగ్గిపుల్ల, ఏవియు వెలిగింపవు. లోహములన్నియు పోనిచ్చును, తక్కినవి పోనీయవు అని బిడ్డ సంతృప్తిపడి పుస్తకము మూయబోవును. మూయనీయక అప్పుడు మరికొన్ని వస్తువులు ముందుంచవలెను. మోటారు చుట్టలలో వాడు రాగితీగ మెరయుచు కనబడును, కాని దానికి కొసలు తాకించినచో దీపము వెలుగదు. బ్లేడుతో పెద్దలు దాని చివరలు గీకి యిచ్చినచో వెలుగును, ఏలయన ఆ తీగపై కంటికి కనబడనంత పలుచని వార్నిషుపూత కలదు. నల్లని హార్డ్ అనొడైజ్డ్ పెనము అల్యూమినియమే యైనను దాని పైపొర అల్యూమినియము ఆక్సైడు; అది విద్యుత్తును పోనీయదు. రంగు వేసిన ఇనుపగేటు, తుప్పు పట్టిన మేకు, ఇవియు అట్టివే. లోహము వేరు, లోహముపైనున్న చర్మము వేరు. దీపము వెలుగకపోవుటకు ఇది రెండవ యర్థము: కొసలు మనమనుకొన్న వస్తువును అసలు తాకనేలేదు.

ఇక లోహము కానిది వెలిగించుట. పెన్సిలును రెండువైపుల చెక్కి, రెండు ములుకులకు కొసలు తాకించినచో దీపము చక్కగా వెలుగును. మనము సీసమని పిలుచునది సీసము కాదు, గ్రాఫైటు. బొగ్గునకును వజ్రమునకును సోదరమైన కర్బనపు రూపము. 1795లో ఫ్రాన్సుదేశీయుడగు కాంటే గ్రాఫైటు పొడిని బంకమట్టితో కలిపి కాల్చి పెన్సిలు ములుకులు చేయు విధానమును కనిపెట్టెను. మట్టి ఎక్కువైన కొలది ములుకు గట్టిపడును, విద్యుత్తునకు దారి ఇరుకగును. చిత్రకారులు వాడు మెత్తని నల్లని పెన్సిలుతో కాగితముపై దట్టముగా, పలుమార్లు దిద్దిన గీతమీద కొసలను దగ్గరదగ్గరగా ఉంచినచో దీపము మసకగా వెలుగును. కొసలను దూరము జరుపుచు పోయినచో క్రమక్రమముగా ఆరిపోవును. ఈ యొక్క గీతపై బిడ్డను ఎంతసేపైనను ఉండనిండు. వెలుగుట, వెలుగకపోవుట అను రెండింటి నడుమ ఇన్ని మెట్లున్నవని కన్నులార చూచుట ఇదే మొదటిసారి. వాహకములు, బంధకములు అని పాఠ్యపుస్తకము వస్తువులను రెండు గుంపులుగ విభజించును. ప్రకృతిలో అట్టి గోడ లేదు. మంచి వాహకమునుండి మంచి బంధకమువరకు నున్నది ఒక్కటే పొడవైన దారి. వెండి ఆ దారి మొదట నున్నది, రాగి దాని వెనుకనే యున్నది, గాజు, పింగాణి ఎక్కడో కడపట నున్నవి.

నాకెరిగిన యొక యింట తొమ్మిదేండ్ల బాలిక ఈ పరీక్షకొసలు చేతబట్టుకొని అమ్మమ్మ వద్దకు పోయినది.

"అమ్మమ్మా, నీ పెళ్లిచీర ఒక్కసారి ఇస్తావా? కరెంటు పోతుందో లేదో చూడాలి."

"పట్టుచీరకు కరెంటేమిటే తల్లీ! కాలిపోదూ?"

"కాలదు అమ్మమ్మా, పెన్సిల్ సెల్లులేగా."

బాలిక పుస్తకములో "పట్టు: వెలగదు, జరీ: వెలగదు" అని ముందుగా వ్రాసికొన్నది. పట్టుపోగులపై దీపము వెలుగలేదు. కొసలు అంచుపైకి జరిగినంతనే, ఒక్క జరీపోగు పొడవునను ఎర్రగా వెలిగినది. ఆ కాలపు జరీ యనగా పట్టుదారముచుట్టు సన్నగా సాగదీసి చదునుచేసిన వెండితీగ చుట్టి, దానిపై బంగారు పూత పూసినది. బాలిక ఊహకు అందనిది ఆ దారములోని లోహము. వెంటనే ఆమె తల్లియొక్క క్రొత్త చీర అంచునకు తాకించినది, వెలుగలేదు. అది ప్లాస్టికు పొరపై లోహపు మెరుపునద్ది పైన పారదర్శకమైన పూత వేసిన జరీ. "చూశావా, మా కాలం జరీ అంటే జరీయే!" అని అమ్మమ్మ మురిసినది. అక్కడనే నేను బాలికకొక ప్రశ్న వేసితిని: రాగితీగపై వెండిపూత వేసిన జరీ అయినచో ఏమగును? అదియు వెలుగును. కావున ఈ దీపము లోహమున్నదని చెప్పగలదు, ఏ లోహమో చెప్పలేదు. దీనిని పట్టుకొని చీరల విలువ కట్టుటకు బయలుదేరరాదు. బాలిక కొంచెము సేపు ఆలోచించి, "అంటే ఇది సగమే చెప్తుంది" అన్నది. పరికరమేది చెప్పగలదో, ఏది చెప్పలేదో పెద్దచదువులు చదివినవారును తరచు మరచు విషయము.

పట్టునకును ఈ శాస్త్రమునకును గల సంబంధము మిక్కిలి పాతది. ఇంగ్లండున కాంటర్బరీ పట్టణమున స్టీఫెన్ గ్రే అను నాయన యుండెను. వృత్తిచే బట్టలకు రంగులద్దువాడు, ప్రవృత్తిచే ప్రకృతిని ప్రశ్నించువాడు. గాజుగొట్టమును రుద్దినచో అది ఈకలను, రేకుముక్కలను ఆకర్షించునని ఆ కాలమున అందరికి తెలిసినదే. ఆ గుణమును దూరమునకు పంపవచ్చునా యని గ్రే 1729లో అడిగెను. గొట్టమునకు పురికొస కట్టి, దాని రెండవ కొసన దంతపు బంతి వ్రేలాడదీసి, కెంటు సీమలోని తన మిత్రుడు గ్రాన్‌విల్ వీలర్ యింట ఆ పురికొసను పొడవుగా సాగదీసిరి. బరువైన పురికొసను మధ్యమధ్య ఆధారములపై నిలుపవలెను గదా. పట్టుదారములతో కట్టి వ్రేలాడదీయుదమని వీలర్ చెప్పెను. ప్రయోగము జయప్రదమయ్యెను. పొడవు పెంచుచుండగా పట్టుదారము బరువునకు ఆగక తెగెను. దాని బదులు సన్నని యిత్తడితీగను కట్టిరి. అది తెగలేదు, కాని విద్యుత్తు బంతిని చేరలేదు; ఇత్తడితీగ వెంట జారి పోయినది. ఆధారము సన్ననిదగుట వలన మేలు జరిగినదని వారు అంతవరకు తలచియుండిరి; మేలు చేసినది సన్నదనము కాదు, పట్టు. ప్రపంచములోని వస్తువులు విద్యుత్తు విషయమున ఒక్క తీరు కావని తెలిసినది ఆ దినముననే, ఒక తెగిన దారమువలన. గ్రేకు 1731లో రాయల్ సొసైటీవారి కాప్లీ పతకము లభించెను. ఆ పతకమును మొట్టమొదట అందుకొన్నవాడతడే.

ఈ కథ పిల్లలకు చెప్పి, వెంటనే ఎండిన పురికొసను మన పరీక్షకొసల నడుమ నుంచుడు. దీపము వెలుగదు! గ్రే పురికొస విద్యుత్తును మోసినది, మనది మోయలేదు. ఇద్దరిలో ఎవరు తప్పు? ఎవరును కారు. రుద్దిన గాజునందలి ఒత్తిడి వేలాది వోల్టులు. పురికొసలోని కంటికానని తేమయే దానికి దారి కాగలదు. మన నాలుగున్నర వోల్టులకు ఆ దారి చాలదు. అదే పురికొసను ఉప్పునీట తడిపి పరీక్షించినచో వెలుగు కనిపించును. వస్తువు వాహకమా, కాదా యని యడుగుటకు ముందు, అడుగుచున్నవారెవరు, ఎంత బలముతో అడుగుచున్నారు అని చూడవలెను. మన దీపమునకు చెక్కపీట బంధకమే. ఆకాశమునుండి పడు పిడుగునకు పచ్చనిచెట్టు సైతము దారియే.

నీటి సంగతి ప్రత్యేకముగ చెప్పవలెను, ఏలయన ప్రమాదములలో పెక్కు అక్కడనే పుట్టుచున్నవి. ఇన్వర్టరు బ్యాటరీలలో పోయుటకు అమ్ము డిస్టిల్డు వాటరును శుభ్రముగ కడిగి ఆరబెట్టిన గాజుగ్లాసులో పోసి, రెండు కొసలను ఒకదానికొకటి తగులకుండ అంగుళము ఎడముగ ముంచుడు. దీపము వెలుగదు. నీరు విద్యుత్తును పోనిచ్చునని విన్న పిల్లలు ఆశ్చర్యపడుదురు. చిటికెడు పంచదార వేసి కలుపుడు, మార్పు లేదు. మరొక గ్లాసున చిటికెడు ఉప్పు వేసి కలుపుచు చూడుడు. ఉప్పు కరగుచున్నకొలది దీపము కన్ను తెరచినట్లు వెలుగుచు వచ్చును. ఈ యొక్క దృశ్యమునకై యైనను పగటివేళ కిటికీ తలుపులు దగ్గరకు వేయుట మంచిది. ఉప్పు నీటిలో కరగినప్పుడు విద్యుదావేశము గల కణములుగ, అనగా అయానులుగ విడిపోవును. విద్యుత్తును మోయునవి అవియే. పంచదార కరగునే గాని అట్లు విడిపోదు. ఈ సత్యమును స్వీడను దేశీయుడగు అరీనియస్ 1884లో ఉప్సాలా విశ్వవిద్యాలయమున తన సిద్ధాంతవ్యాసములో ప్రతిపాదించినప్పుడు పరీక్షకులు దానికి తక్కువ శ్రేణి యిచ్చిరి. 1903లో ఆ కృషికే అతనికి రసాయనశాస్త్రమున నోబెల్ బహుమతి వచ్చెను.

తరువాత వంటిల్లంతయు తెరచియున్నది. చింతపండు పులుసు, నిమ్మరసము, మజ్జిగ, కొబ్బరినీళ్లు, కుళాయినీరు, బోరునీరు, నూనె, అన్నిటిని చిన్నగిన్నెలలో కొంచెము కొంచెముగ పోసి, ఒక్కొక్కటి పరీక్షించిన తరువాత కొసలను కడిగి తుడిచి, వెలుగు తీవ్రతను బట్టి వరుసలో పెట్టుమని బిడ్డతో చెప్పుడు. కొసలు ముంచిన యే పదార్థమును త్రాగరాదు, తినరాదు; ఉప్పునీటిలో కొంతసేపుంచినచో ధనధ్రువపు తీగనుండి రాగి కరగి నీరు నీలిపచ్చగ మారును, ఋణధ్రువపు తీగచుట్టు సన్నని బుడగలు లేచును. ఇంటికి ఫిల్టరు బాగుచేయుటకు వచ్చు మనుష్యుడు నీటిలో ముంచి అంకెలు చూపు టి.డి.ఎస్. మీటరు కూడ ఈ పరికరమునకు పెద్దన్నయే. అది నీటిగుండ ఎంత విద్యుత్తు పోవుచున్నదో కొలచి, దానినుండి లీటరులో ఎన్ని మిల్లీగ్రాముల లవణములున్నవో లెక్కగట్టును. త్రాగునీటికి 500 వరకు సమ్మతమని భారత ప్రమాణము. ఏ లవణమున్నదో మాత్రము అదియు చెప్పలేదు. ఫ్లోరైడు బాధ గల పల్లెలలో ఆ యంకెను చూచి ధైర్యపడుట తగదు. అమ్మమ్మ జరీ విషయమున బాలిక అన్న మాట ఇక్కడను చెల్లును.

ఇప్పుడు ఎల్‌.ఇ.డి.ని, రెసిస్టరును తొలగించి, వాని బదులు పాతకాలపు మూడు సెల్లుల టార్చిబల్బు పెట్టి, మరల ఉప్పునీటిలో ముంచుడు. వెలుగదు. ఉప్పునీరు బంధకమైపోయినదా? కాదు. టార్చిబల్బులోని తంతువు ఎఱ్ఱబడి వెలుగుటకు సుమారు 300 మిల్లీ ఆంపియరులు కావలెను, ఎల్‌.ఇ.డి. ఒక్క మిల్లీ ఆంపియరునకే కనబడునట్లు వెలుగును. ఇది దీపము వెలుగకపోవుటకు మూడవ యర్థము: విద్యుత్తు పోవుచున్నది, చూచు కంటికి దానిని చూచు శక్తి చాలదు. ముప్పది యేండ్ల క్రిందట టార్చిబల్బుతో పరీక్షించిన పిల్లలు ఉప్పునీటికెదురుగ "వెలగదు" అని వ్రాసికొనియుందురు. వారు చూచినదానిలో అసత్యము లేదు.

తడిచేతులను గూర్చిన పాఠము చెప్పుటకు ఇదే తగిన సమయము. ఎండిన చర్మము విద్యుత్తును బలముగా అడ్డును. చెమట యనగా ఉప్పునీరే గనుక, తడిసిన చర్మము అందులో ఎన్నో వంతు మాత్రమే అడ్డును. మన పల్లెలలో బట్టలారవేయు ఇనుపతీగ దండెమునకు ఎక్కడనో తొడుగు చీలిన సర్వీసువైరు తగిలి, తడిబట్ట వేయబోయిన తల్లి ప్రాణము పోయినదను వార్త వానకాలమున ఏటేట వినబడుచునే యున్నది. తడిబట్ట, తడిచేయి, తడినేల, ఇనుపతీగ: ఈ నాలుగింటిలో విద్యుత్తునకు దారియగు ఉప్పునీటికిని, ఇనుమునకును ఎదురుగ బిడ్డ తన పుస్తకములో "వెలుగును" అని తానే వ్రాసియున్నాడు. ఆ పుట తెరచి, మన యింటి దండెము దేనితో కట్టియున్నదో పోయి చూచి రమ్మని చెప్పుడు. ఇనుపతీగ యైనచో ఆ సాయంకాలమే నైలాను త్రాడు కట్టుడు. బిడ్డ చేత కట్టింపుడు.

ఇంకను సున్నితమైన కన్ను కావలసినవారికి రెండు ట్రాన్సిస్టరులు చాలును. బి.సి. 547 అను రకమును అడుగుడు. చదునైన ముఖము మీవైపు ఉండునట్లు పట్టుకొన్నచో, ఎడమనుండి కుడికి కలెక్టరు, బేసు, ఎమిటరు అను మూడు కాళ్లు. మొదటిదాని ఎమిటరును రెండవదాని బేసునకు కలుపవలెను; రెండింటి కలెక్టరులను ఒకటిగా కలిపి ఎల్‌.ఇ.డి. పొట్టికాలికి చేర్చవలెను, పొడుగుకాలు ఎప్పటివలెనే 220 ఓముల రెసిస్టరు గుండ ధనధ్రువమునకు, రెండవదాని ఎమిటరు ఋణధ్రువమునకు. మొదటిదాని బేసునకు 10,000 ఓముల రెసిస్టరు, అనగా గోధుమరంగు, నలుపు, నారింజ పట్టీలు గలది తగిలించి, దాని చివర ఒక పరీక్షకొస. ధనధ్రువమునుండి రెండవ పరీక్షకొస. ఇప్పుడు రెండు కొసలనడుమ పోవు విద్యుత్తు వేలాది రెట్లు పెరిగి దీపమును చేరును. రెండు చేతుల వ్రేళ్లతో చెరియొక కొస పట్టుకొన్నచో దీపము వెలుగును. చర్మముగుండ పోవునది మైక్రో ఆంపియరులు మాత్రమే గనుక ఏమియు తెలియదు. అన్నచెల్లెండ్రు, తల్లిదండ్రులు చేతులు పట్టుకొని వరుసగా నిలిచి, చివరివారిద్దరు చెరియొక కొస పట్టుకొన్నచో కుటుంబమంతయు ఒక తీగ యగును. ఎవరో ఒకరు చేయి వదలినంతనే దీపమారిపోవును. గుండెకు పేస్‌మేకరు అమర్చబడిన పెద్దలు ఈ వరుసలో చేరక చూచుచుండుట మేలు.

వేపచెట్టునుండి అప్పుడే విరిచిన పుల్లను, ఎండి రాలిన పుల్లను ప్రక్కప్రక్కన పెట్టి ఈ క్రొత్త కంటితో పరీక్షింపుడు. పచ్చిపుల్ల వెలిగించును, ఎండుపుల్ల వెలిగింపదు. తెగిపడిన కరెంటుతీగను కర్రతో తొలగింపబోవు పెద్దలకు ఇది తెలియవలసిన విషయము: కర్ర యనిపించుకొన్నంత మాత్రమున అది కాపాడదు. అట్టి తీగ కనబడినచో ఏ కర్రతోను దాని జోలికి పోక, దూరముగ నిలిచి, ఎవ్వరిని దరికి రానీయక, కరెంటాఫీసునకు ఫోను చేయుటయే బిడ్డకు నేర్పవలసినది.

చేతికి నైపుణ్యము వచ్చిన పిల్లలు ఈ ట్రాన్సిస్టరు పరికరముతో ఇంటికి పనికివచ్చు వస్తువునే చేయగలరు. రెండు స్టీలు పుల్లలను కొసలకు కట్టి, తులసికోటలోనో పూలకుండీలోనో రెండంగుళముల ఎడముగ మట్టిలో గుచ్చినచో, మట్టి తడిగ నున్నంతకాలము దీపము వెలుగును, ఎండినకొలది మసకబారును. ఎంత మసకైనప్పుడు మొక్కకు నీరు కావలెనో ఏ పుస్తకమును చెప్పలేదు. గులాబికి వేరు, కలబందకు వేరు, నల్లరేగడికి వేరు, ఇసుకనేలకు వేరు. అది బిడ్డ తన కుండీని కొన్నాళ్లు చూచి తానే నిర్ణయించుకొనవలెను. రాగి మొనలను నేరుగ గుచ్చి వదలకుడు, ధనధ్రువపు మొన కొద్దిదినములలోనే మట్టిలో కరగి తరిగిపోవును. స్టీలు పుల్లలనైనను చూచినప్పుడు మాత్రమే తగిలించి, పని తీరినంతనే సెల్లులను హోల్డరునుండి తీసి డబ్బాలో పెట్టుమని చెప్పుడు.